ఫ్లోరింగ్ కొటేషన్‌లో ‘పర్మిషన్ ఖర్చు’ కనిపిస్తే

మా హాల్లో పాత మొజాయిక్ మీద టైల్స్ వేయిద్దామని కొటేషన్ అడిగితే, చివరి వరుసలో ‘మున్సిపల్ పర్మిషన్ – 12,000’ అని రాసిచ్చారు. నిజానికి ఇంట్లో నేల మార్చడానికి మామూలుగా ప్లాన్ అనుమతి అక్కర్లేదు. 2016 జాతీయ భవన నిర్మాణ నియమావళిలో అనుమతి అవసరం లేని పనుల జాబితాలో ఫ్లోరింగ్ కూడా ఉంది.

నేను చేసింది ఇంతే. కొటేషన్‌ను టైల్స్, సిమెంటు-ఇసుక, కూలీ, చెత్త తరలింపు, పర్మిషన్ అని విడివిడిగా రాసిమ్మన్నాను. పర్మిషన్ డబ్బు మాత్రం మున్సిపాలిటీ పేరున చలానా చూపిస్తే నేనే కడతానన్నాను. రెండు రోజులకు కొత్త కాగితం వచ్చింది, ఆ వరుస లేదు. ఇంకో పని కూడా చేయండి. పని మొదలయ్యే తేదీ, రోజూ ఏ గంటల్లో పగలగొడతారో రాసి అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు ఒక లెటర్ ఇచ్చి, కాపీ మీద సంతకం తీసుకోండి. కింది ఫ్లాట్ వాళ్లకు ముందే నోటితో చెబితే సగం గొడవ తగ్గుతుంది.

గోడ తీసేసినా, బాత్రూమ్ జరిపినా అనుమతి అక్కర్లేదన్న మాట వర్తించదు, మున్సిపాలిటీలో కనుక్కోవాల్సిందే. పాత నేల తీయకుండా పైన 2 అంగుళాల మాల్ (సిమెంటు-ఇసుక కలిపిన ముద్ద) పోస్తే చదరపు అడుగుకు దాదాపు 10 కిలోల బరువు పెరుగుతుంది. 300 చదరపు అడుగుల హాలుకు అది 3 టన్నులు. స్ట్రక్చరల్ ఇంజనీర్‌కు చూపించకుండా ఒప్పుకోకండి.