తెర కొనే ముందు టేపు పట్టండి

దసరా దగ్గర పడిందంటే మా షాపుకు పహాణీ (పొలం రికార్డు) నకళ్ల కోసం వచ్చేవాళ్లు కూడా వెళ్తూ వెళ్తూ టీవీ సలహా అడుగుతారు. నల్లగొండలో నేను ఆన్‌లైన్ దరఖాస్తులు, డీటీపీ (కంప్యూటర్ మీద అక్షరాలు కొట్టి పేజీలు కూర్చడం) పనులు చేస్తాను. రోజంతా తెర ముందే ఉంటాను కనుక తెరల సంగతి నాకు తెలుసని వాళ్ల నమ్మకం. "అక్కా, 43 తీసుకోవాలా, 55 తీసుకోవాలా?" అంటారు. నేను తిరిగి అడిగేది ఒక్కటే: మీరు కూర్చునే చోటికీ టీవీ పెట్టే గోడకూ మధ్య ఎన్ని అడుగులు? చాలామంది చెప్పలేరు. టేపు చేతికిచ్చి ఇంటికి పంపిస్తాను.

ముందు ఆ 43 సంగతి. అది వెడల్పు కాదు, తెర ఒక మూల నుంచి ఎదురు మూలకు ఏటవాలుగా తీసిన కొలత. ఇప్పటి టీవీలు 16:9 నిష్పత్తిలో వస్తాయి కాబట్టి ఆ అంకెను 0.87తో గుణిస్తే వెడల్పు, 0.49తో గుణిస్తే ఎత్తు తెలుస్తాయి. 43 అంగుళాల తెర వెడల్పు దాదాపు 37.5 అంగుళాలు. పాత ఇళ్లలో టీవీ కోసం కట్టించిన సిమెంటు షెల్ఫు మూడడుగులే ఉంటే, అందులో ఇది పట్టదు. 32 అంగుళాలదైతే 28 వెడల్పుతో హాయిగా పడుతుంది. అట్టపెట్టె మీద సెంటీమీటర్లు కూడా ఉంటాయి, వాటిని చూడండి. 43 అని పెద్దక్షరాల్లో ఉన్న చోటే చాలాసార్లు 108 సెం.మీ. అని ఉంటుంది. దాన్ని 2.54తో భాగిస్తే 42.5 అంగుళాలే. పోయిన అర అంగుళం కోసం షాపువాడితో గొడవ పడొద్దు, సెంటీమీటర్ల లెక్కనే నమ్మండి.

29 అంగుళాల పాత డబ్బా టీవీ తీసేసి 32 పెట్టిన వాళ్లు, "పెద్దది కొన్నాం, మనుషులు మాత్రం చిన్నగా కనిపిస్తున్నారు" అంటారు. వాళ్ల కళ్లు సరిగ్గానే ఉన్నాయి. పాతది 4:3, దాని తెర ఎత్తు 16 అంగుళాలకు పైనే. కొత్తదాని ఎత్తు 15.7.

ఇక దూరం. అడుగులను అంగుళాలు చేసి రెండుతో భాగించండి. 8 అడుగులంటే 96 అంగుళాలు, సగం 48. వార్తలు, సీరియళ్లు చూసే ఇంటికి ఆ చుట్టుపక్కల సైజు, అంటే 43 గానీ 50 గానీ చాలు. సినిమాలే ప్రాణమనుకునే ఇంట్లో 1.6తో భాగించండి, 60 వస్తుంది. వాళ్లు 55కు వెళ్లవచ్చు.

రిజల్యూషన్ అంటే తెర మీద అడ్డంగా, నిలువుగా ఎన్ని చుక్కలున్నాయన్న లెక్క. హెచ్‌డీ రెడీకి 1366×768, ఫుల్ హెచ్‌డీకి 1920×1080, 4కేకు 3840×2160. మామూలు చూపున్న కన్ను డిగ్రీలో 60వ వంతు కన్నా సన్నటి తేడాను విడదీయలేదు. ఆ లెక్కన 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరకు ఐదున్నర అడుగుల అవతల కూర్చుంటే చుక్కలు కలిసిపోతాయి. ఎనిమిది అడుగుల నుంచి చూసేవాళ్లు దాని పక్కన 4కే పెట్టినా తేడా పట్టలేరు. ఈ సైజులో ఇప్పుడు 4కే టీవీలే ఎక్కువగా దొరుకుతున్నాయి, ధర దగ్గర్లో ఉంటే తీసుకోండి. దాని కోసమని అప్పు మాత్రం చేయొద్దు.

అసలు చిక్కు టీవీలో కాదు, దానికి అందే బొమ్మలో ఉంది. సెట్‌టాప్ బాక్సులో వచ్చే మామూలు ఛానెల్ 720×576 చుక్కలది. 4కే తెర మీద సరిగ్గా దానికి 20 రెట్ల చుక్కలున్నాయి. ఒక్క చుక్క సమాచారంతో 20 చుక్కలు నింపాలంటే టీవీ ఊహించి అతకాల్సిందే. 55 అంగుళాల తెర మీద ఆ 576 అడ్డ వరసల్లో, అంటే గీతల్లో, ఒక్కొక్కటి 1.2 మిల్లీమీటర్ల మందం అవుతుంది. 32 మీదైతే 0.7 మాత్రమే. అందుకే పెద్ద టీవీ తెచ్చిన వారానికే "పాతదే నయం" అన్న మాట వినిపిస్తుంది. టీవీ మార్చే ముందు హెచ్‌డీ ఛానెళ్లు, హెచ్‌డీ బాక్సు పెట్టించుకోండి. 4కే సినిమాలు ఇంటర్నెట్‌లో చూడాలంటే సెకనుకు 15 మెగాబిట్ల వేగం నిలకడగా ఉండాలి, గంటకు 7 జీబీ దాకా ఖర్చవుతుంది. ఫోను హాట్‌స్పాట్ మీద రోజుకు 2 జీబీతో నెట్టుకొచ్చేవాళ్లకు పావుగంట దాటగానే బొమ్మ ఆగిపోతుంది.

మానిటర్ దగ్గరకు వస్తే నేను ఇంత ఉదారంగా ఉండను. మన దగ్గర సర్వే నంబర్ల పక్కన అ, ఆ, ఇ, ఈ, ఉ, ఊ అని ఉపవిభాగాలు వస్తాయి. 214/ఉ ఒకరిదైతే 214/ఊ వాళ్ల దాయాదిది. తెర మీద ఆ రెండింటికీ తేడా రెండు మూడు చుక్కలు. రెండు గుంటల కోసం ఏళ్ల తరబడి కోర్టు మెట్లెక్కే మనుషులున్న చోట, ఆ చుక్కలు స్పష్టంగా కనబడి తీరాలి.

విండోస్‌లో స్కేలు, అంటే అక్షరాలూ మెనూలూ ఎంత పెద్దగా చూపాలో చెప్పే సెట్టింగు, 100 శాతం ఉన్నప్పుడు 12 పాయింట్ల అక్షరానికి దొరికేది దాదాపు 16 చుక్కల ఎత్తు. ఇంగ్లిష్‌కు అది చాలు. 'స్త్రీ' అని కొట్టి చూడండి: పైన గుడిదీర్ఘం, కింద త వత్తు, దానికి తోడు క్రారవడి, అన్నీ ఆ కాస్త జాగాలోనే ఇరుక్కుంటాయి. స్కేలు 150 చేస్తే అదే అక్షరానికి 24 చుక్కలు వస్తాయి. అయితే తెర మీద చుక్కలు తక్కువుంటే స్కేలు పెంచినకొద్దీ పేజీ పట్టదు. కాబట్టి తెలుగు పని చేసేవాళ్లు 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ జోలికి పోవద్దు. 24లో అంగుళానికి 92 చుక్కలుంటే, 27లో అవే చుక్కలు పలచబడి 82 అవుతాయి. 27 కావాలంటే 2560×1440, లేదా 4కే.

ఇందులో ఒక మెలిక ఉంది. పెళ్లి కార్డులు, కరపత్రాల షాపుల్లో ఇంకా పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్, అను అనే తెలుగు ఫాంట్ల మీదే పని నడుస్తోంది. 2001 నాటి పేజ్‌మేకర్ 7కు ఈ స్కేలు సంగతి తెలియదు. 4కే మానిటర్ మీద విండోస్ దాన్ని సాగదీసి చూపిస్తుంది, అంతా మసక. సాగదీయకపోతే మెనూలు చీమల్లా కనిపిస్తాయి. మీ పని దాని మీదే అయితే 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ కొని, స్కేలు 100 దగ్గరే ఉంచండి. ఆ తెర ఎత్తు 29.9 సెం.మీ., ఏ4 కాగితం 29.7. వెడల్పులో రెండు ఏ4లు పక్కపక్కన పట్టి ఇంకా జాగా మిగులుతుంది. ఒకవైపు పహాణీ, ఇంకోవైపు దరఖాస్తు పెట్టుకుని నింపడానికి ఇంతకంటే వీలైనది నేను చూడలేదు.

అక్షరాలు చిన్నగా ఉన్నాయని రిజల్యూషన్‌ను 1366×768కు దించేవాళ్లు చాలామంది. అప్పుడు ఒక చుక్కను 1.4 చుక్కల మీద పరచాలి, అక్షరం అలుక్కుపోతుంది. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిజల్యూషన్ దగ్గర 'రికమెండెడ్' అని ఉన్నదాన్ని కదపకుండా, స్కేలు మాత్రమే పెంచండి.

షాపులో నడిపే వీడియోలు ఏ తెర మీదైనా మెరిసిపోతాయి. పెన్‌డ్రైవ్‌లో మీ సొంత పేజీ ఒకటి తీసుకెళ్లి దాన్నే వేయించండి, టీవీ అయితే మామూలు ఛానెల్ పెట్టమనండి. '4కే సపోర్ట్' అన్న స్టిక్కరు చూసి తృప్తి పడొద్దు, 768 గీతల తెర మీద కూడా దాన్ని అంటిస్తారు. ప్యానెల్ రిజల్యూషన్ ఎంతో అడిగి మోడల్ నంబరుతో సహా బిల్లు మీద రాయించుకోండి. టీవీనే మానిటర్‌గా వాడదామని కంప్యూటర్ తగిలిస్తే కొన్నిటిలో అంచులు తెగి కింది టాస్క్‌బార్ సగమే కనిపిస్తుంది. టీవీ చెడిపోలేదు. పిక్చర్ మెనూలో 'స్క్రీన్ ఫిట్' అనో 'జస్ట్ స్కాన్' అనో ఉంటుంది, దాన్ని నొక్కితే సరి.