వెలిసిన కాన్వాస్ షూకి మళ్లీ రంగు: నా అనుభవం

మరిగే నీళ్లలో రంగు కలిపి షూని ముంచితే అట్ట, జిగురు ఊడతాయి. గుడ్డ బాగున్నా షూ పోయినట్టే. అందుకే చల్లనీళ్లలో పట్టే రియాక్టివ్ డై (నూలుతో రసాయనికంగా కలిసిపోయే రంగు) వాడాను.

ముందు లేసులు తీసి, డిటర్జెంటుతో రుద్ది, సబ్బు జాడ లేకుండా జాడించాలి. జిడ్డు, గంజి మిగిలితే అక్కడ రంగు పట్టదు. మచ్చలు పడేది చాలాసార్లు ఇందువల్లే. రబ్బరు అంచుకి మాస్కింగ్ టేపు, టేపు నిలవని మూలల్లో వ్యాజిలైన్. అది గుడ్డకి తగిలిందో, అక్కడ తెల్లమచ్చ ఖాయం.

అర లీటరు నీళ్లలో 20 గ్రాముల చాకలిసోడా కరిగించి గుడ్డంతా తడపాలి. వంటసోడా పనికిరాదు, డై పట్టడానికి కావలసినంత క్షారం దానికి లేదు. తర్వాత 250 మి.లీ. నీళ్లలో 10 గ్రాముల డై కలిపి, గ్లౌజులు వేసుకుని, తడి ఆరకముందే బ్రష్‌తో రెండుసార్లు పూయాలి. బోరునీళ్లు ఉప్పగా ఉంటే క్యాన్ నీళ్లే మేలు.

తిరుపతి ఎండకి తొందరగా ఆరిపోతుంది, అదే అసలు చిక్కు. తడిగా ఉన్నంతసేపే డై నూలుకి అంటుకుంటుంది. ప్లాస్టిక్ కవర్లో చుట్టి నీడలో రాత్రంతా ఉంచాక సరిగ్గా పట్టింది. (కాళహస్తి కలంకారీవాళ్లు రంగు పాకకుండా గుడ్డని కరక్కాయ, పాలలో నానబెడతారు, ఈ డైకి అది అక్కర్లేదు.)

నీళ్లు తేటగా వచ్చేదాకా చల్లనీళ్లతో కడిగి, లోపల పాతగుడ్డ కుక్కి నీడలో ఆరబెట్టాలి. న్యూస్‌పేపరు వద్దు, సిరా అంటుతుంది. కుట్టు పాలిస్టర్ దారమైతే తెల్లగానే మిగులుతుంది. నల్లషూ మీద అది నాకు బాగానే అనిపించింది.