ఎప్పుడూ ఆన్‌లో ఉండే ఇంటి కంప్యూటర్: పని లేకపోయినా కరెంటు, వేడి, మోత ఎందుకు?

ఈ మూడింటినీ మూడు వేరు వేరు సమస్యలనుకోకండి. ప్లగ్గులోంచి కంప్యూటర్ లాగే ప్రతి వాటూ చివరికి గదిలో వేడిగానే తేలుతుంది. ఆ వేడిని బయటికి తోలడానికి ఫ్యాన్ తిరుగుతుంది, అదే మనకు మోత. కాబట్టి ఏదైనా కొనే ముందు ప్లగ్గు దగ్గర వాట్ మీటర్ పెట్టండి. ఈ చిన్న పని చెయ్యకుండా కూలర్ మీద కూలర్ మార్చినవాళ్లను చాలామందిని చూశాను. మానిటర్ లెక్కలోకి రాకుండా చూసుకుని, పనులన్నీ ఆపి, పది నిమిషాలు వదిలేసి, అప్పుడు కనిపించే అంకె రాసుకోండి. ఏడాదికి 8,760 గంటలు. అంటే నిరంతరం లాగే ఒక్క వాటుకి ఏడాదిలో 8.76 యూనిట్లు. 20 వాట్లు తగ్గిస్తే 175 యూనిట్లు మిగులుతాయి.

వాట్లు ఎక్కువ, ప్రాసెసర్‌కీ ఏదో పని ఉంది

లినక్స్‌లో టాప్ అనే కమాండ్ నడిపి, ఏ ప్రోగ్రామ్ ప్రాసెసర్‌ని ఎంత వాడుతోందో చూడండి. ఫొటోల ఇండెక్సింగో, ఎక్కడో ఇరుక్కుపోయి మళ్లీ మళ్లీ మొదలవుతున్న బ్యాకప్పో ఒక కోర్‌ని పట్టుకుని ఉంటుంది. దాన్ని సరిచేస్తే చాలు.

వాట్లు ఎక్కువ, ప్రాసెసర్ మాత్రం ఖాళీ

నన్ను బాగా ఏడిపించింది ఇదే. వాడకం ఒక శాతం దాటదు, ఫ్రీక్వెన్సీ అట్టడుగున ఉంటుంది, అయినా మీటర్ 40 దగ్గర కదలదు. ఫ్యాన్ మార్చాను, పవర్ సప్లై మార్చాను, ఆపరేటింగ్ సిస్టమ్ కూడా మళ్లీ వేశాను. రెండు వారాలు పోయాక తేలింది, కారణం మరిన్ని డిస్కులు తగిలించడానికి అదనంగా పెట్టిన చిన్న సాటా కార్డు.

జరిగేది ఇది. పని లేనప్పుడు ఒక్కో కోర్ విడిగా నిద్రపోతుంది. అసలు పొదుపు మాత్రం కోర్లతో పాటు ప్రాసెసర్ ప్యాకేజీ (కోర్లూ మిగతా భాగాలూ కలిసిన చిప్పు) మొత్తం గాఢనిద్రలోకి వెళ్లినప్పుడే. అందుకు కార్డులను ప్రాసెసర్‌తో కలిపే పీసీఐ ఎక్స్‌ప్రెస్ లింకులు కూడా విశ్రాంతి స్థితికి దిగాలి. ఆ సదుపాయం పేరు ఏఎస్‌పీఎం. ఇంట్లో ఒక్కరు మేలుకుని చదువుకుంటున్నా హాల్లో దీపం ఆర్పరు కదా, అలాగే ఒక్క కార్డు లింకు దిగనంటే ప్యాకేజీ అంతా మేలుకునే ఉంటుంది. ఆ కార్డు స్వయంగా తినేది రెండు మూడు వాట్లే, అది మేలుకొలిపి ఉంచే మిగతా అంతటితోనే నష్టం. అందుకే అనుమానం దాని మీదకి పోదు.

ఇంటెల్ ప్రాసెసర్, లినక్స్ అయితే నిర్ధారణ తేలిక. కరెంటు వాడకం చూపే పవర్‌టాప్ అనే ప్రోగ్రామ్‌లో ఐడిల్ స్టాట్స్ పేజీ తెరిచి, ఎడమ చివర ప్యాకేజీ వరస చూడండి. సీ పక్కన అంకె పెరిగేకొద్దీ నిద్ర గాఢం; సమయమంతా సీ2 లేదా సీ3 దగ్గరే ఆగిపోయి, సీ6, సీ8 దగ్గర సున్నాలుంటే దొంగ దొరికినట్టే. తర్వాత పరికరాల జాబితా ఇచ్చే ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్‌ని రూట్‌గా (అడ్మిన్ హక్కులతో) పూర్తి వివరాలతో నడిపి, ఏ పరికరం దగ్గర ఏఎస్‌పీఎం డిజేబుల్డ్ అని ఉందో వెతకండి. అయినా తేలకపోతే అదనపు కార్డులన్నీ తీసేసి, ఒక్కొక్కటే తిరిగి పెడుతూ ప్రతిసారీ మీటర్ చూడండి. రెండు ఒకేసారి పెట్టకండి, మళ్లీ మొదటికొస్తుంది.

మందు: ముందు బయోస్‌లో (మదర్‌బోర్డు సొంత సెట్టింగుల్లో) ఏఎస్‌పీఎం ఆన్ చెయ్యండి, చాలా బోర్డుల్లో అది ఆఫ్‌లోనే వస్తుంది. తర్వాత సాటా లింకుల పవర్ మేనేజ్‌మెంట్ చూడండి. అది గరిష్ఠ వేగం మీద ఉంటే ప్యాకేజీ నిద్రకు అదీ అడ్డమే. మీడియం పవర్ విత్ డీఐపీఎం అనే అమరిక లినక్స్ కెర్నల్ 4.15 నుంచి ఉంది, అది పెట్టండి. పవర్‌టాప్ ఆటో ట్యూన్ చేసే మార్పులు రీబూట్‌తో పోతాయి కాబట్టి బూట్‌లో నడిచేలా సర్వీసు రాసుకోండి. కొన్ని నెట్‌వర్క్ చిప్పుల విషయంలో లింకు తెగిపోతుందన్న భయంతో డ్రైవరే ఏఎస్‌పీఎంని ఆపేస్తుంది. కెర్నల్‌కి చెప్పి బలవంతంగా ఆన్ చెయ్యొచ్చు గానీ, డిస్కులున్న కార్డు మీద బ్యాకప్ లేకుండా ఆ ప్రయోగం వద్దు. నడుస్తూ నడుస్తూ డిస్కులు మాయమవుతాయి. కార్డే మొండికేస్తే దాన్ని మార్చడమే దారి. నా మీటర్ 40 నుంచి 23కి దిగింది. ఆ రాత్రి నుంచి ఫ్యాన్ ఉందో లేదో కూడా తెలియలేదు.

వాట్లు తక్కువే, మోత మాత్రం ఎక్కువ

మూడు పిన్నుల ఫ్యాన్‌ని బోర్డు మీద పీడబ్ల్యూఎం మోడ్‌లో (నాలుగో పిన్ను ద్వారా వేగం తగ్గించే పద్ధతిలో) ఉన్న హెడర్‌కి తగిలిస్తే అది ఎప్పుడూ పూర్తి వేగంతోనే తిరుగుతుంది. బయోస్‌లో డీసీ మోడ్‌కి (వోల్టేజి తగ్గించి వేగం తగ్గించే పద్ధతికి) మార్చండి. ఫ్యాన్ పెరుగుతూ తగ్గుతూ ఉంటే స్పందన ఆలస్యం నాలుగైదు సెకన్లకు పెంచండి. ఆగని గుంయ్ మనే శబ్దమైతే అది డిస్కుది. 7,200 ఆర్‌పీఎం అంటే సెకనుకు 120 చుట్లు, ఆ అదురు కేసుకి పాకుతుంది. స్క్రూల కింద రబ్బరు వాషర్లు వెయ్యండి. డిస్కుని రెండు నిమిషాలకోసారి నిద్రపుచ్చి లేపడం మాత్రం మానండి, దానికి అరుగుదల ఎక్కువ. రోజులో గంటల తరబడి ముట్టుకోని డిస్కుకైతేనే పెట్టండి.

మిగతావి

తక్కువ టీడీపీ (కంపెనీ పెట్టె మీద చెప్పే వాట్లు) ఉన్న ప్రాసెసర్ కొంటే ఖాళీగా ఉన్నప్పటి కరెంటు తగ్గుతుందనుకోవద్దు, ఆ అంకె పూర్తి పని మీద ఉన్నప్పటిది. మానిటర్ లేని పెట్టెలో గ్రాఫిక్స్ కార్డు ఉంటే తీసెయ్యండి. 80 ప్లస్ గోల్డ్ అనే పొదుపు ముద్ర ఉన్న 750 వాట్ల పవర్ సప్లై 25 వాట్ల దగ్గర ఎంత పొదుపో దాని లేబుల్ చెప్పదు, గోల్డ్ పరీక్ష మొదలయ్యేదే 20 శాతం లోడు దగ్గర. ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య రాసే పేస్ట్ ఎండడం, కాయిల్ కూత (బోర్డు మీది తీగచుట్టల సన్నని శబ్దం) అరుదుగానే కారణమవుతాయి, చివర్లో చూడండి.