పికప్ చాసిస్ మెలితిరగకుండా గట్టి చేయడం ఎలా?

ఒక్క చక్రం గుంతలో దిగినప్పుడు క్యాబిన్ ఒకవైపు, వెనక తొట్టి ఇంకోవైపు ఒరుగుతున్నాయా? చాసిస్ మెలితిరుగుతోందన్న మాట. రోజూ నడిపే బండికి ఇది చికాకే.

ముందు బండి కింద టార్చ్ వేసి చూడండి. చాసిస్ పొడుగు ఇనుప పట్టీలు నాలుగు వైపులా మూసి ఉంటే ఈ పని మీకు అక్కర్లేదు. క్యాబిన్ రబ్బరు బుష్‌లు, సస్పెన్షన్ చూపించుకోండి. లోపలివైపు తెరిచి ఉంటే అది సీ ఛానల్. బరువు బాగానే మోస్తుంది కానీ మెలిని ఆపలేదు. ఆ తెరిచిన వైపు ప్లేటు వేసి మూసేస్తే అదే ఇనుము ఎన్నో రెట్లు గట్టిపడుతుంది.

మార్పులు మొదలుపెట్టే ముందు ఆర్టీఓ ఆఫీసులో, ఇన్సూరెన్సు వాళ్లతో మాట్లాడండి. బండిలో మార్పుల గురించి 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉండనే ఉంది. చాసిస్ నంబరు కొట్టిన చోటును గ్రైండర్‌తో అస్సలు తాకొద్దు.

చెన్నైలో అయితే పాత సామాన్ల కోసం అందరూ పుదుపేట పరిగెత్తుతారు. ప్లేటు మాత్రం కొత్తదే కొనండి. మందం ఛానల్ మందమంతే ఉంటే చాలు. ఎక్కువైతే బరువు దండగ.

బ్యాటరీ తీగలు, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) కనెక్టర్లు తీసేయండి. పెట్రోలు ట్యాంకు, బ్రేకు పైపులు దింపాల్సిందే. బండిని చదునైన నేల మీద, స్టాండ్లపై లెవెల్‌గా నిలిపి, మూల నుంచి ఎదురు మూలకి రెండు వైపులా టేపు పట్టండి. కొలతలు సమానంగా లేకపోతే వెల్డింగ్ మొదలుపెట్టొద్దు. వంకరగా ఉన్నదాన్ని అలాగే బిగించేసినట్టవుతుంది.

అసలు పనితనం ప్లేటు కొసల్లో ఉంది. గట్టి చేసిన భాగం ఎక్కడ ఆగుతుందో, చీలిక అక్కడే మొదలవుతుంది. అందుకే కొసను నిలువుగా కోయకుండా చేప తోకలా చీల్చి ఏటవాలుగా ముగించండి. ఛానల్‌కి అడ్డంగా నిలువు వెల్డు పడకూడదు. పైఅంచుకీ కిందిఅంచుకీ రంధ్రాలు వద్దు.

తుప్పు, రంగు గీకేసి ముందు అక్కడక్కడా టాక్ (ప్లేటు కదలకుండా చిన్న వెల్డు చుక్కలు) వేయించండి. తర్వాత రెండంగుళాల వెల్డు కొట్టి, దూరంగా ఇంకో చోటికి మారాలి. ఒకే చోట ఏకబిగిన లాగిస్తే వేడికి ఛానల్ వంగిపోతుంది. ‘సాయంత్రానికి అయిపోతుంది సార్’ అనే మేస్త్రీకి నమస్కారం పెట్టి వచ్చేయండి. మధ్యమధ్య టేపు మళ్లీ పట్టాల్సిందే.

మూసిన గొట్టంలో నీళ్లు నిలుస్తాయి. సముద్రపు గాలి, వేళచ్చేరి వాననీళ్లు రెండూ కలిస్తే తుప్పు లోపలే తినేస్తుంది. ఛానల్ అంచులో కాకుండా, కొత్త ప్లేటు కిందిభాగంలో నీరు కారే రంధ్రాలు ఉంచి, వెల్డు చల్లారాక లోపల మైనం స్ప్రే కొట్టించండి.

కొంతకాలం తిరిగాక కొసల దగ్గర రంగు చూడండి. సన్నని గీత, దాని నుంచి తుప్పు మరక కారి ఉంటే చీలికే. దాని మీదే మళ్లీ వెల్డు పూయకండి. చీలిక చివర చిన్న రంధ్రం వేసి, మొత్తం గ్రైండ్ చేసి నింపించండి.