హైదరాబాద్ చెరువుల మీద పరిశోధన పేపర్లు దొరకడం లేదా?

సమస్య: గూగుల్ స్కాలర్‌లో నగర చెరువుల ఆక్రమణ గురించి వెతికితే నాలుగైదు పేపర్లు వచ్చి ఆగిపోతున్నాయి.

కారణం: పేపర్లు ఉన్నాయి, వేరే పేర్లతో ఉన్నాయి. మనం లేక్ అని వెతుకుతాం. పాత ఇంజనీర్ల రిపోర్టుల్లో అదే చెరువు ట్యాంక్, ఇప్పటి పర్యావరణ పేపర్లలో వాటర్ బాడీ. హుస్సేన్ సాగర్‌ని ఇంగ్లిష్‌లో ఒక ఎస్‌తో రాసినవాళ్లున్నారు, రెండు ఎస్‌లతో రాసినవాళ్లున్నారు, రెండు మాటలూ కలిపేసినవాళ్లూ ఉన్నారు. సంస్థల పేర్లూ అంతే. నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ వచ్చింది 2008లో; అంతకుముందు 1975 నుంచి ఉన్నది హుడా. జీహెచ్‌ఎంసీ 2007లో ఏర్పడింది, దానికి ముందు నగరపాలక సంస్థ పేరు ఎంసీహెచ్. ఈ పాత పేర్లు తట్టక నేను నెల రోజులు పోగొట్టుకున్నాను. ఆ టెన్షన్ మీకు వద్దు.

పరిష్కారం: కంప్యూటర్ తెరవకముందే ప్రతి మాటకీ మారుపేర్లు కాగితం మీద రాసుకోండి. ఒక్కోదాన్నీ డబుల్ కోట్స్‌లో పెట్టి, మధ్యలో ఓఆర్ (OR) అని క్యాపిటల్ అక్షరాల్లో టైప్ చేయండి. భవనాల మీద పనిచేసేవాళ్లకూ ఇదే దారి: స్థలం విస్తీర్ణానికి కట్టిన అంతస్తుల మొత్తం విస్తీర్ణం ఎన్ని రెట్లో చెప్పే లెక్క, ముంబైలో ఫ్లోర్ స్పేస్ ఇండెక్స్ అనేదే అమెరికాలో ఫ్లోర్ ఏరియా రేషియో, హాంకాంగ్‌లో ప్లాట్ రేషియో. మంచి పేపర్ ఒక్కటి దొరికాక దాని కింద సైటెడ్ బై నొక్కండి, దాన్ని ఉదహరించిన పేపర్లన్నీ వస్తాయి. నా అనుభవంలో కొత్త కీవర్డ్‌లకంటే అదే ఎక్కువ ఇస్తుంది.

సమస్య: పేపర్ కనబడుతోంది, డబ్బు కడితేగానీ తెరుచుకోదు.

పరిష్కారం: స్కాలర్‌లో ఆల్ వర్షన్స్ చూడండి, బ్రౌజర్‌లో అన్‌పేవాల్ పెట్టుకోండి, ఉచిత కాపీ ఎక్కడైనా ఉంటే అది చూపిస్తుంది. మన యూనివర్సిటీల పీహెచ్‌డీ థీసిస్‌లకి శోధ్‌గంగ అనే వెబ్‌సైట్ ఉంది, ఉచితం. అప్పటికీ దొరక్కపోతే రచయితకి మర్యాదగా మెయిల్ రాయండి.

సమస్య: రిఫరెన్సులు దాచుకునే జొటేరో సాఫ్ట్‌వేర్‌లో పెట్టిన మాస్టర్ ప్లాన్‌కి సైటేషన్‌లో రచయిత పేరు "అథారిటీ" అని వస్తోంది.

కారణం: జొటేరో సంస్థ పేరుని మనిషి పేరు అనుకుని, చివరి మాటని ఇంటిపేరు చేసేసింది.

పరిష్కారం: రచయిత గడి పక్కన ఉన్న చిన్న బటన్ నొక్కి ఒకే గడిగా మార్చి, పూర్తి పేరు రాయండి. స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే అది వట్టి బొమ్మ, లోపల చదవడానికి అక్షరాలుండవు. వివరాలు మీరే నింపాలి, వెతకాలంటే ఓసీఆర్ చేయాలి, అంటే బొమ్మలోని అక్షరాలని టెక్స్ట్‌గా మార్చాలి. ఒకే రిపోర్టు రెండుసార్లు చేరితే డిలీట్ చేయకండి, మెర్జ్ చేయండి. వర్డ్‌లో ఇప్పటికే వాడిన సైటేషన్ తెగిపోకుండా ఉంటుంది. జీవోలకి మాత్రం టైటిల్‌లోనే నంబరు, తేదీ, శాఖ మూడూ రాయండి. ఒకే నంబరుతో వేర్వేరు శాఖల జీవోలు ఉంటాయి.