హిస్పానిక్ వినియోగదారుల కోసం ప్రకటన తయారుచేసే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

2020 జనాభా లెక్కల ప్రకారం అమెరికాలో హిస్పానిక్ ప్రజలు, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవారు, 6.21 కోట్ల మంది ఉన్నారు. వీరందరినీ ఒకే గాటన కట్టకూడదు. లాస్ ఏంజెలిస్‌లోని మెక్సికన్ కుటుంబానికీ, మయామీలోని క్యూబన్ కుటుంబానికీ భాష ఒకటే అయినా తిండి, సంగీతం, వలస వచ్చిన కారణాలు వేరు. ప్యూర్టోరికన్లు 1917 నుంచి అమెరికా పౌరులే కనుక వారిని విదేశీయులుగా చూపడం పెద్ద పొరపాటు.

స్పానిష్ వాక్యాలను ఆ ప్రాంతపు వారి చేత చదివించిన తరువాతే అచ్చుకు పంపాలి, ఎందుకంటే ‘గువాగువా’ అంటే క్యూబాలో బస్సు, చిలీలో పసిపాప.

మే 5 మెక్సికో స్వాతంత్ర్య దినం కాదు. అది 1862 నాటి ప్యూబ్లా యుద్ధ విజయాన్ని గుర్తుచేసే రోజు. స్వాతంత్ర్య దినం సెప్టెంబరు 16.

అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త అవసరమైనది నవంబరు 1, 2 తేదీల్లో మెక్సికన్లు జరుపుకునే మృతుల దినం విషయంలో. పుర్రె బొమ్మలను చూసి దాన్ని హాలోవీన్‌తో కలపకూడదు. ఇంట్లో బల్లపై చనిపోయినవారి ఫొటో, బంతిపూలు, కొవ్వొత్తులు, గ్లాసుతో నీళ్లు, వారు ఇష్టంగా తిన్న వంటకం పెట్టి, వారు ఇంటికి వస్తారని ఎదురుచూసే రోజది. పెద్దలకు పెట్టుకునే తెలుగువారికి ఆ భావం వెంటనే అర్థమవుతుంది. మన గుమ్మాలకు కట్టే బంతిపువ్వు పుట్టిల్లు కూడా మెక్సికోయే. అలాంటి బల్లపై అమ్మకపు సరుకును పెట్టి చూపడం నా దృష్టిలో తగని పని.

వినియోగదారుల ఫారంలో తండ్రి ఇంటిపేరు, తల్లి ఇంటిపేరు రెండూ పట్టేంత చోటు ఉందో లేదో కూడా సరిచూసుకోవాలి.