పాత బెంజో పెట్టెను బాగుచేయడం, దానికి వెల కట్టడం

నాందేడ్ జిల్లాలోని ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ ప్రాంతాల తెలుగువారికి బెంజో అనగానే తోలు బిగించిన గుండ్రని అమెరికా వాద్యం గుర్తుకు రాదు. వినాయక నిమజ్జనంలోనో పెళ్లి ఊరేగింపులోనో బండి మీద పెట్టుకొని, ఎడమచేత్తో మీటలు నొక్కుతూ కుడిచేత్తో తీగలు పలికించే పొడవాటి చెక్కపెట్టె కళ్లముందు మెదులుతుంది. దీనికి మరో పేరు బుల్‌బుల్ తరంగ్. 1912లో జపాన్‌లోని నగోయాలో మొరితా గోరో రూపొందించిన "తైషోగోతో" అనే వాద్యం దీనికి మూలం. బలూచిస్తాన్‌లో ఇదే వాద్యం కాస్త పెద్దదై బెంజు అనిపించుకుంది. డీజే పెట్టెలు వచ్చాక మా వైపు చాలా బెంజోలు అటకెక్కాయి. అటక దించిన బెంజో చేతికి రాగానే తీగలు బిగించి మోగించాలని ఎవరికైనా అనిపిస్తుంది. సరిగ్గా ఆ పనే చేయకూడదు.

ఏళ్ల తరబడి బిగువులో ఉన్న తీగలు పెట్టె రెండు కొసలనూ లోపలికి లాగుతూ ఉంటాయి. అతుకులు వదులైన పెట్టె మీద మళ్లీ బిగువు పెడితే తీగలు బిగించే బిరడాల వైపు చెక్క చీలిపోతుంది. కాబట్టి మొదట అన్ని తీగలనూ కొంచెం కొంచెంగా, ఒకదాని తర్వాత ఒకటిగా వదులు చేయాలి. ఆ తర్వాత ఫోనుతో నాలుగు వైపులా ఫోటోలు తీసి, ఏ మీట ఏ స్థానంలో ఉందో కాగితం మీద గీసుకొని, ఆ పిమ్మటే మీటల చట్రం మరలు విప్పాలి. మీటలన్నీ ఒకేలా కనిపించినా వాటి కాళ్ల పొడవులో స్వల్ప తేడాలుంటాయి, ఏళ్ల వాడకంలో ప్రతి మీటా తన మెట్టుకు (మీట నొక్కితే తీగ ఆనే లోహపు కడ్డీకి) తగినట్టు అరిగి ఉంటుంది. అవి కలగాపులగమైతే తిరిగి కుదర్చడానికి ఒక పూట పడుతుంది.

చట్రం తీశాక కనిపించే మెట్ల వరుస ఈ వాద్యానికి వెన్నెముక. స్టీలు స్కేలును మెట్ల మీద నిలువుగా ఆనించి, వెనుక నుంచి టార్చి వెలుగు వేసి చూడాలి. అన్ని మెట్లూ స్కేలును తాకితే అదృష్టమే. మధ్యలో వెలుగు కనిపిస్తే మెట్లు బిగించిన పలక వంగింది, లేదా ఆ మెట్టు అరిగింది. ఒక్క స్వరం మాత్రమే జీరపోతూ ఉంటే సాధారణంగా దాని మెట్టు అరిగి ఉంటుంది, లేదా గుర్రం (బిరడాలకు అవతలి కొసన తీగలు ఆనే దిమ్మ) వైపున్న పక్క మెట్టు లేచి ఉంటుంది. లేచిన మెట్టును సన్నని ఆకురాయితో రెండు మూడు సార్లు తాకించి, మళ్లీ స్కేలు పెట్టి చూసుకోవాలి. అరిగిన ఒక్క మెట్టు కోసం మిగిలిన వాటన్నిటినీ రాసేయడం కంటే ఆ ఒక్కదాన్ని మార్చడమే మేలని నా అభిప్రాయం.

మెట్లు వాటి అసలు చోట్లలోనే ఉన్నాయా అన్నది లెక్కతో తేలుతుంది. బిరడాల వైపు తీగ ఆనే పట్టీ నుంచి గుర్రం వరకు ఉన్న పొడవును 17.817తో భాగిస్తే మొదటి మెట్టు దూరం వస్తుంది. మిగిలిన పొడవును మళ్లీ అదే అంకెతో భాగిస్తే రెండో మెట్టు, అలా ముందుకు సాగాలి. తీగ 50 సెంటీమీటర్లు ఉంటే మొదటి మెట్టు దాదాపు 2.8 సెంటీమీటర్ల దగ్గర, పన్నెండోది సరిగ్గా 25 దగ్గర పడాలి. ఎవరో మధ్యలో పలక మార్చి అంచనాగా మెట్లు కొట్టిన పెట్టెలు ఈ లెక్క దగ్గరే పట్టుబడతాయి.

అతుకుల విషయంలో తొందర పనికిరాదు. పాత సరేసు (చెక్క అతికే జిగురు) ఎండి పొడిగా రాలుతుంటే దాన్ని వేడినీళ్ల గుడ్డతో మెత్తబరచి, పూర్తిగా తుడిచి, ఆరనిచ్చి, మళ్లీ సరేసుతోనే అతికించాలి. మేకులు కొట్టకూడదు. బిగింపు పరికరాలు లేకపోతే పాత సైకిల్ ట్యూబును పొడవుగా కోసి పెట్టె చుట్టూ గట్టిగా చుట్టి ఒక రోజంతా వదిలేస్తే చాలు, చెక్క మీద మచ్చ కూడా పడదు. పురుగు తొలిచిన రంధ్రాల నుంచి తాజా పొడి రాలుతుంటే పురుగు ఇంకా బతికే ఉందన్నమాట. అలాంటి పెట్టెను మిగిలిన వాద్యాలకు దూరంగా పెట్టి, చేతికి తొడుగు వేసుకొని, పురుగుమందును సిరంజితో ఒక్కో రంధ్రంలోకి ఎక్కించాలి.

మీటలు ఇరుక్కుంటే నూనె వేయాలనిపిస్తుంది. నేనూ ఒకసారి కుట్టుమిషను నూనె ధారాళంగా పోశాను. ధర్మాబాద్ మిరపకాయల బజారు ఊరు; సీజనులో గాలిలో ఎగిరే కారపు దుమ్మంతా ఆ నూనెకు అంటుకొని, నెల తిరగకుండానే మీటలు మునుపటికంటే గట్టిగా పట్టేశాయి. మళ్లీ విప్పి శుభ్రం చేసినంతసేపూ తుమ్ములే. మీట జారే దారిని మెత్తని కుంచెతో దులిపి, పెన్సిలు ములుకు పొడిని కొద్దిగా రుద్దితే సరిపోతుంది. తుప్పును కిరోసిన్ తడిపిన గుడ్డతో తుడవాలి. ఇసుక కాగితం తగిలితే నికెల్ పూత పోతుంది, పోయిన పూత తిరిగి రాదు. బలం పోయిన స్ప్రింగును సాగదీసి వాడవద్దు, అది పది రోజుల్లో మళ్లీ కుంగుతుంది.

తీగలు మాత్రం మొత్తం మార్చేయాలి. పాత తీగ మందాన్ని స్క్రూ గేజీతో కొలిచి అదే మందం కొనాలి; సన్న రకం గిటారు తీగ 0.25 మిల్లీమీటర్లు ఉంటుంది. ఒకే స్వరానికి కట్టే తీగలన్నీ ఒకే మందంలో లేకపోతే మీట నొక్కనప్పుడు శ్రుతి కలిసినా మీట నొక్కగానే విడిపోతుంది. శ్రుతి చేశాక మీట నొక్కని తీగ స్వరాన్ని, పన్నెండో మీట నొక్కితే వచ్చే పై స్వరాన్ని పోల్చి చూడాలి. పై స్వరం ఎక్కువగా పలికితే గుర్రాన్ని మెట్లకు దూరంగా, తక్కువగా పలికితే దగ్గరగా వెంట్రుకవాసి జరపాలి. పికప్ (తీగల మోతను స్పీకరుకు పంపే చుట్ట) ఉన్న పెట్టె స్పీకరులో మోగకపోతే, ముందుగా లోపలి కరెంటు వైర్ల టంకాన్నీ జాక్‌నూ చూసి, ఆ తర్వాత పికప్ చుట్టను మల్టీమీటరుతో పరీక్షించాలి. ఓముల అంకె ఏదీ రాకపోతే చుట్ట లోపల ఎక్కడో తెగింది.

ఇక వెల. వాయించడానికి పనికొచ్చే మామూలు పాత బెంజోకు, అన్నే మీటలున్న కొత్త బెంజో ధరే పైహద్దు. అందులోంచి తీగలు, టంకం, కూలి ఖర్చు తీసేయాలి. పోయిన మీటలకు విడిగా కోత పెట్టాలి. అవి దుకాణంలో దొరకవు, మరో పాత పెట్టె నుంచే తీయాలి. మెట్ల పలక వంగిన పెట్టెను విడిభాగాల ధరకే అడగాలి. జపాన్ లిపి ఉన్న తైషోగోతో, తయారీదారు చీటీ చెరగని పెట్టె, అసలు మూత, అసలు మీటలు పూర్తిగా మిగిలినది దొరికితే ఈ లెక్క వర్తించదు. అక్కడ కొత్త రంగు పూసినకొద్దీ ధర పడిపోతుంది. "అన్నా, కొత్తదాని లెక్క మెరవాలె" అని అడిగేవారికి నేను ఈ మాటే చెబుతాను, చాలామంది వినరు. తోలు బిగించిన గుండ్రని బెంజో ఎప్పుడైనా చేతికొస్తే చుట్టూ ఉన్న కొక్కేలను బిగించకుండా, లోపలి వలయం మీద అంకె ఏదైనా ముద్రించి ఉందేమో చూసి, ఆ రకం తెలిసినవారికి చూపించాలి.

విప్పేటప్పుడు తీసేసిన పాత స్ప్రింగులు, మెట్లు, బిరడాలు అన్నీ ఒక చిన్న సంచిలో వేసి, ఏది ఎక్కడిదో చీటీ రాసి, పెట్టెతోపాటు యజమానికి తిరిగి ఇవ్వాలి. అమ్మకానికి పెట్టినప్పుడు కొనేవాడు ముందు ఆ సంచినే విప్పి చూస్తాడు.